ప్రొటోకాల్‌లో లేని చెయ్యి

తార్నాక మెట్రో మెట్లు దిగి మా సందులోకి తిరిగేచోట కరెంటు స్తంభానికి ఎప్పుడూ ఏదో ఒక ఫ్లెక్సీ వేలాడుతూ ఉంటుంది. పుట్టినరోజులు, కోచింగ్ సెంటర్ల ర్యాంకులు, శ్రద్ధాంజలులు అన్నీ ఒకే తాడుకు. మామూలుగా నేను వాటి మొహం చూడను. మొన్న ఆటో కోసం నిలబడి తలెత్తితే ఆయన కనిపించాడు. నెరిసిన మీసం, నుదుట విభూతి, ఫొటో తీసేవాణ్ణి నమ్మనట్టు కొంచెం పక్కకు తిప్పిన మొహం. కింద దశదినకర్మ ఎప్పుడో, ఇల్లు ఎక్కడో రాసి ఉంది. రెండు రోజులే ఉంది. ఆటో వచ్చి ఆగింది, నేను ఎక్కలేదు, అతను నన్నేదో తిట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. గొప్పకు కాదు. ఒకసారి ఆయన పేరు ఒక కాగితం మీద రాశాను, రాయకూడని చోట, నా దస్తూరీతోనే. ఆ కాగితం వల్ల ఆయన ఇరవై ఆరేళ్లు చేసిన పని పోయింది, పనిమంతుడన్న పేరూ పోయింది. ఆ మచ్చను ఒక్క మాటతో తుడిచెయ్యగలిగిన మనిషిని భూమ్మీద నేనొక్కదాన్నే. ఆరేళ్లు నోరు మూసుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఆయన లేడు కాబట్టి నాకు మాటలు వస్తున్నాయి. సిగ్గులేనితనం ఇట్లాగే ఉంటుంది.

యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు వెనకాల రేకుల కప్పు వేసిన పొడుగాటి గది ఒకటి ఉంది. ప్రయోగాల కోసం పెంచే తెల్ల ఎలుకలు అందులో ఉంటాయి. ఆయన వాటిని చూసుకునే అటెండరు. నేను కర్నూలు నుంచి వచ్చి పీహెచ్‌డీలో చేరిన మొదటివారం, గొప్ప హడావుడిగా ఆ తలుపు తోసుకుని లోపలికి పోయాను. ఆయన తల కూడా తిప్పకుండా, బయటికి పోయి తలుపు కొట్టి రమ్మన్నాడు. లోపల ఎవరున్నారని కొట్టాలని అడిగాను. పంజరాల వరసలు చూపించి, వీళ్లంత లేరా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా పోయి తలుపు కొట్టి వచ్చాను. ఆయన కూడా ప్రతిసారీ తలుపు కొట్టి, రెండుసార్లు దగ్గి, అప్పుడు అడుగుపెట్టేవాడు. చప్పుడు లేకుండా పోతే అవి ఉలిక్కిపడతాయని ఆయన లెక్క.

రీసెర్చి స్కాలర్లను పేర్లతో పిలిచేవాడు కాదు. ఊళ్లతో పిలిచేవాడు. ఒకాయన గుంటూరు సారు, ఒకామె పాలమూరు మేడం, నేను కర్నూలు మేడం. నా మాట కటువుగా ఉంటుందని మా హాస్టల్లో అందరూ అనేవాళ్లు. ఈయన మాత్రం, సీమ మిరపకాయ మేడం ఇంక, గట్లనే ఉంటది అని నవ్వి ఊరుకునేవాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. మా నాన్న కన్నా రెండేళ్లే చిన్న. అయినా ఆ గదిలో అన్నా అనే మాటే సరిపోయేది.

చంపడం అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ప్రయోగం ఆఖరున ఎలుకను చంపక తప్పదు, ఏ అవయవంలో ఎంత మందు చేరిందో అట్లయితేనే తెలుస్తుంది. దాన్ని ఆయన పంపించుడు అనేవాడు. ఇయాల ఎంతమందిని పంపిస్తరు మేడం అని పొద్దున్నే అడిగేవాడు. పంపించే రోజు మధ్యాహ్నం దాకా టీ తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. అట్లాగని మెత్తటి మనిషి అనుకుంటే పొరపాటే. ఎవరైనా సూది రెండుసార్లు తప్పుగా గుచ్చితే, ఎలుకను లాక్కుని పంజరంలో వేసి, పోయి చాయ్ తాగి రండి సార్ అనేవాడు. సూది మనది, పానం దానిది. ఆ మాట ప్రొఫెసర్లకు కూడా చెప్పాడని అంటారు.

ఇక ఆయన చేతులు. పెద్దవి, లావుపాటివి, నడి చలికాలంలో కూడా వెచ్చగా ఉండేవి. ఎలుకల తోకలోని సన్నటి నరంలోకి మందు ఎక్కించాలి. చలికి, భయానికి ఆ నరం ముడుచుకుపోతుంది, కంటికి కనిపించదు. ఆయన పంజరంలోంచి ఎలుకను తీసి, ఒక పాత గొంగడి ముక్కలో చుట్టి, పొట్టకు ఆనించుకుని స్టూలు మీద కూర్చునేవాడు. పది నిమిషాలు దాంతో ఏదో మాట్లాడేవాడు. తర్వాత తోకను తన చెంపకు ఆనించి చూసుకుని, ఇగ రండి మేడం అనేవాడు. అప్పుడు నరం నీలంగా, పైకి తేలి ఉండేది. ఇదంతా ఎందుకని నేను మొదట్లో విసుక్కున్నాను.

"బుగులైతే నెత్తురు లోపలికి ఉరుకుతది మేడం," అన్నాడు. "కాళ్లు, తోక అన్ని ఇడిచిపెట్టి గుండెకాడికి పోతది. జర దిలాసా ఇస్తె మల్ల బయటికొస్తది."

నేను అప్పటికి మూడు నెలలుగా లైబ్రరీలో కూర్చుని లావు పుస్తకాల్లో చదువుతున్నది అదే. శరీరంలో ఏ భాగానికి ఎప్పుడు ఎంత రక్తం పారుతుంది, ఎందుకు పారుతుంది. ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. నేను నోట్సులో మాత్రం రాసుకోలేదు.

నా పరిశోధన ఏమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. మనం వేసుకున్న మందు రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. మోకాలి వాపుకు వేసుకున్నా కాలేయానికీ, కడుపుకూ, పిలవని చోటికల్లా పోతుంది. దాన్ని సన్నటి కొవ్వు గుళికల్లో పెట్టి ఎక్కిస్తే వాచిన చోటే ఎక్కువ దిగుతుందా అన్నది నా ప్రశ్న. ఎలుకకు ఒక వెనక కాలు వాచేటట్టు చేస్తాం. మందు ఎక్కిస్తాం. ఆ కాలికి రక్తం ఎంత పారుతోందో చర్మం మీద లేజరు కాంతి వేసి కొలుస్తాం. తర్వాత ఆ కాల్లో ఎంత మందు చేరిందో చూస్తాం. సగం ఎలుకలకు సాదా మందు, సగానికి గుళికల మందు. మందు ఒక్కటే తేడా ఉండాలి, తక్కినవన్నీ రెండు గుంపులకూ సమానంగా ఉండాలి. ఇది కాలేజీ పిల్లలకు మొదటి వారంలో చెప్పే పాఠం. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

గుళికలు తయారుచేసే యంత్రం ఆ ఏడాది పాడైంది. బాగయ్యేసరికి రెండు నెలలు పడుతుందన్నారు. నా ఫెలోషిప్పు ఆ వేసవితో అయిపోతుంది. మా గైడు సారు గోదావరి జిల్లా మనిషి, నెమ్మదస్తుడు, తొందర మాత్రం ఎక్కువ. ఖాళీగా కూర్చోవడం ఎందుకమ్మా, సాదా మందు ఎలుకలన్నీ ముందు కానిచ్చెయ్, గుళికలవి తర్వాత చేద్దువుగాని అన్నారు. రెండు రకాలూ కలిపి, రోజుకు కొన్ని అవి, కొన్ని ఇవి చెయ్యాలని నాకు తెలుసు. తెలిసే తల ఊపాను.

సరిగ్గా అప్పుడే ఎలుకల గదిలో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నాడు. ప్రతి కార్తీకంలో వేసేవాడట. నల్ల లుంగీ, నల్ల చొక్కా, కాళ్లకు చెప్పులు లేవు, గడ్డం మాసింది. మొన్నటిదాకా అన్నా అన్నవాళ్లమంతా స్వామీ అనడం మొదలుపెట్టాం. ఆ నలభై ఒక్క రోజులూ ఎలుకలకు మేత వేసేవాడు, నీళ్లు పెట్టేవాడు, పంజరాలు కడిగేవాడు. సూది దగ్గరికి, పంపించే బల్ల దగ్గరికి మాత్రం రాడు. దీక్షలో ఉండి ప్రాణం తీసే పనిలో చెయ్యి పెట్టనన్నాడు. మా సారుకు కూడా భక్తి ఉంది కాబట్టి సరేనన్నారు. ఆ పనికి కాంట్రాక్టు మీద వచ్చిన ఇంకొకతన్ని ఇచ్చారు. అతనికి ఎలుకలంటే హడల్. మందపాటి తోలు గ్లవుజులు వేసుకుని, మెడ దగ్గర పట్టుకుని, చల్లటి స్టీలు బల్ల మీద అదిమి పట్టేవాడు. నరం దొరకడానికి నేను తోకను వేడినీళ్లలో ముంచుకునేదాన్ని. స్వామి గుమ్మం బయట గట్టు మీద కూర్చుని, లోపలికి చూడకుండా, జర మెల్లగ పట్టు స్వామీ, అది బుగులుపడ్తున్నది అని కేకేసేవాడు. సాదా మందు ఎలుకలన్నీ ఆ చలిలో, ఆ బల్ల మీదనే అయిపోయాయి.

ఆయన శబరిమల వెళ్లి వచ్చి మాల తీసేశాడు. యంత్రం బాగయింది. గుళికల మందు ఎలుకలన్నీ ఆయన ఒళ్లో అయ్యాయి. గొంగడి ముక్క, పొట్ట దగ్గర వెచ్చదనం, మాటలు. పైగా వాచిన కాలు సూది సమయంలో గుంజుకుంటుందని దాన్ని అరచేతిలో మూసి పట్టుకునేవాడు. నేను కొలిచేదాకా పట్టుకునే ఉండేవాడు.

ఫలితం చూసి మా సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గుళికల మందు వాచిన కాల్లో సాదా మందు కన్నా ఎన్నో రెట్లు దిగింది. ఆ కాలికి రక్తం కూడా ఎక్కువ పారుతోంది. గుళికలే రక్తాన్ని అక్కడికి రప్పిస్తున్నాయేమో అన్నారు సారు. అది కొత్త సంగతి. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు, సంతోషంతో.

మూడోరోజు ఎలుకల గదిలో లెక్కలు సరిచూసుకుంటూ ఉంటే ఆయన మేత గిన్నెలు తుడుస్తూ అడిగాడు.

"మేడం, నేను మాలేసుకున్నప్పుడు ఎలుకలు సల్లగుండె. గీ ఎలుకలేమో ఎచ్చగుండె. దాంతోని మందుకేమన్న ఫరక్ పడ్తదా?"

చేతిలో పెన్ను ఆగింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణానే నాకు మొత్తం అర్థమైంది. రక్తాన్ని కాలికి రప్పించింది గుళిక కాదు, ఈయన అరచెయ్యి. రక్తం ఎక్కువ పారిన చోట మందు కూడా ఎక్కువ దిగుతుంది, అంతే కథ. మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అంటే ఇంకో ఏడాది. ఫెలోషిప్పు ఉండదు, అడిక్‌మెట్‌లో అద్దెగది ఉండదు, ఊళ్లో మా అమ్మ చూసిపెట్టిన సంబంధాలు వరస కట్టి ఉంటాయి.

"ఏం పడదులేన్నా," అన్నాను.

ఆయన తల ఊపి గిన్నెలు తుడుచుకున్నాడు. చదువుకున్న పిల్ల చెప్పింది, ఇంకేముంది. ఆయన అరచెయ్యి చేసిన పనిని నా గుళికలు చేశాయని థీసిస్ రాశాను. పేపరు అచ్చయింది. ఎలుకలను చలిలో కొన్నిటిని, వెచ్చగా కొన్నిటిని పట్టుకున్నామని అందులో ఎక్కడా లేదు. ప్రయోగం ఎట్లా చెయ్యాలో రాసుకునే కాగితాన్ని ప్రొటోకాల్ అంటాం. ఆయన చెయ్యి ప్రొటోకాల్‌లోనూ లేదు. పట్టా వచ్చింది. కొన్నాళ్లకు అదే డిపార్ట్‌మెంటులో ఉద్యోగమూ వచ్చింది. స్వీట్లు పంచితే ఆయన ఒకటి తిని, ఒకటి మనవరాలికని రుమాల్లో కట్టుకున్నాడు.

దొంగతనం దాగినా దాని ఫలం దాగదు. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మా సారు దగ్గర వరంగల్ పిల్ల ఒకామె అదే ప్రయోగాన్ని పెద్దగా చెయ్యడం మొదలుపెట్టింది. బుద్ధిమంతురాలు. రెండు రకాల ఎలుకలనూ కలిపి, రోజూ కొన్ని అవి, కొన్ని ఇవి చేసింది. అన్నింటినీ ఆయనే పట్టుకున్నాడు, అన్నింటి కాళ్లూ ఆయన అరచేతిలోనే వెచ్చబడ్డాయి. తేడా ఏమీ రాలేదు. ఆ అమ్మాయి మళ్లీ చేసింది. మళ్లీ రాలేదు. ప్రాజెక్టు ఇచ్చినవాళ్లు సంజాయిషీ అడిగారు. సారు ముగ్గురు పెద్దల్ని కూర్చోబెట్టి మీటింగు పెట్టారు. నేనూ ఉన్నాను.

ఆ అమ్మాయిని ఏమేం చేస్తావో చెప్పమన్నారు. ఆమె అమాయకంగా అన్నీ చెప్పింది, గొంగడితో సహా. సారు కుర్చీలో ముందుకు జరిగారు. అది ప్రొటోకాల్‌లో లేదు కదా అన్నారు. కాలును అంతసేపు వేడిగా పట్టుకుంటే రక్తప్రసరణ మారిపోదూ అన్నారు. మిగతావాళ్లు తలలూపారు. అప్పుడు సారు నా వైపు తిరిగారు. సారు కళ్లలో నమ్మకం తప్ప ఇంకేమీ లేదు.

"నీ ఎలుకల్ని కూడా ఇలాగే పట్టుకునేవాడా అమ్మా?"

నా ప్రొబేషను ఇంకా ఆరునెలలుంది. అవును సార్ అంటే ఒక్కమాటతో థీసిస్, పేపరు, ఉద్యోగం అన్నీ పోతాయి. ఇది సాకు కాదు. ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగినవి ఇవే, ఎలుకల గదిలో ఆయన మొహం మాత్రం తిరగలేదు.

"లేదు సార్. నా టైంలో అట్ల లేదు," అన్నాను.

అదే మాట కాగితం మీద రాసిమ్మన్నారు. రాశాను. అటెండరు ఫలానా ఆయన ప్రొటోకాల్‌కు విరుద్ధంగా ఎలుకలను వేడిచేయడం వల్ల ఇటీవలి ఫలితాలు చెడిపోయి ఉండవచ్చునని రాశాను. ఆయన పేరును ఇంటిపేరుతో సహా రాయడం నా జన్మలో అదొక్కసారే.

ఆయన్ని లోపలికి పిలిచారు. చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. సారు ఆ కాగితంలో ఉన్నది తెలుగులో చెప్పి, నువ్వు కాళ్లు వేడి చేశావయ్యా, మందు పనంతా పాడైపోయింది, ఒకరి ఇన్నాళ్ల కష్టం మట్టిలో కలిసింది అన్నారు. ఆయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఏదో మరిచిపోయిన సంగతి గుర్తు చేసుకుంటున్నట్టు చూశాడు. నేను బల్ల మీద కాగితాల వైపు చూస్తూ కూర్చున్నాను.

"కర్నూలు మేడం రాసిండ్రంటె గట్లనే అయ్యుంటది సార్," అన్నాడు. "అప్పుడు గిట్ల పట్టుకోలేదేమో. నాకే యాది లేదు."

ఆయన తన జ్ఞాపకాన్ని నమ్మలేదు. నన్ను నమ్మాడు.

ఆయన్ని ఎలుకల గది నుంచి తీసి పరీక్షల భవనానికి వేశారు. జవాబు పత్రాల కట్టలు మొయ్యడం, బెంచీలు సర్దడం. వెళ్లేరోజు వచ్చి పంజరాల చిట్టా నాకే అప్పజెప్పాడు. ఏ పంజరంలో ఎన్ని, ఏ ఎలుక కొరుకుతుంది, దేనికి కన్ను బాగాలేదు, అన్నీ చెప్పాడు. ఆ వరంగల్ బిడ్డ కష్టం నా చేతుల పాడయింది మేడం, ఆమెకు నా ముఖం ఎట్ల చూపిస్త అన్నాడు. అట్లేం లేదన్నా అని గొణిగాను. అందులో ఎంత నిజం ఉందో నాకొక్కదానికే తెలుసు. కొత్తగా వచ్చిన అటెండరు తలుపు కొట్టేవాడు కాదు. నేను కొట్టేదాన్ని, ఏదో అంత మాత్రానికి పాపం తగ్గుతుందన్నట్టు.

తర్వాత నాలుగేళ్లూ పరీక్షల భవనం వైపు పని పడితే ఎవరినైనా పంపేదాన్ని. ఆయన రిటైరయ్యాడని విని లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాను. వరంగల్ అమ్మాయి ఇంకో అంశం మీద మళ్లీ మొదలుపెట్టి, మూడేళ్లు ఎక్కువ పట్టినా పట్టా తెచ్చుకుంది. ఆమెకు చేసిన ద్రోహం ఇంకో లెక్క. ఆమె ఫోను నంబరు నా దగ్గరుంది, అది నేనే చెయ్యాలి.

పోయినేడు వానాకాలంలో తార్నాక బస్టాపు దగ్గర ఆయన ఎదురుపడ్డాడు. తప్పించుకోవడానికి చోటులేదు, పైన వాన, ఆ షెడ్డు కిందే అందరం. చిక్కిపోయాడు. ఒక కాలికి గుడ్డ చుట్టుకుని, దానిమీద ప్లాస్టిక్ కవరు కట్టుకుని ఉన్నాడు. బాగున్నరా మేడం, పిల్లలెంతమంది అని అడిగాడు. నేను కాలికి ఏమైందని అడగలేదు. చూశాను, అడగలేదు. అడిగితే మాట సాగుతుంది, సాగితే ఎక్కడికి పోతుందో అని భయం. నా బస్సు వస్తున్నది కనిపించింది. ఆయన కొంచెం దగ్గరికి జరిగి అడిగాడు.

"మేడం, ఒక మాట అడుగుత. మందు ఎక్కిచ్చినంక కాలును ఎచ్చగ పట్టుకుంటె నిజంగనే మందు పాడయితదా?"

పాత గాయాన్ని కెలుకుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్లకు అనుమానం వచ్చిందేమో, నన్ను నిలదీస్తున్నాడేమో అనిపించింది.

"అప్పటి సంగతి ఇప్పుడెందుకన్నా. వదిలెయ్," అన్నాను. బస్సెక్కేశాను. కిటికీలోంచి చూస్తే అక్కడే నిలబడి ఉన్నాడు, ఇంకా ఏదో అడగాల్సింది ఉన్నట్టు. నేనే ముందు మొహం తిప్పుకున్నాను.

దశదినకర్మ రోజు వెళ్లాను. మా సందుకు రెండు వీధుల అవతలే ఇల్లు. షామియానా వేశారు, కింద కుర్చీలు, ఒక పక్క గాడిపొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆయన భార్యను నేను ఎన్నడూ చూడలేదు. నేను ఫలానా అని చెబితే, కర్నూలు మేడమా అంది. నా గురించి ఆ ఇంట్లో అంత తెలుసు. పక్కన చాప మీద కూర్చోబెట్టుకుంది.

నేను అడగకుండానే అన్నీ చెప్పింది. ఆయనకు షుగరుందట. మొదట ఒక వేలు తీసేశారు. పుండు మానక, కాలికి రక్తం అందడం లేదని ఆస్పత్రిలో పెట్టి రోజూ మందు ఎక్కించారు. కాలు మంచుగడ్డలాగా ఉండేదట, ఆయన పళ్లు కొరుక్కుని వణికేవాడట. ఈమె దుప్పటి కప్పబోతే తీసేసేవాడు. చేత్తో పట్టుకోబోతే కాలు గుంజుకునేవాడు.

"ముట్టనియ్యలే బిడ్డా," అంది. "నెల దినాలు. పట్టుకుంటె మందు పాడయితది, ఒకపారి నా చేతుల గట్లనే అయ్యింది అనె. నర్సమ్మ ఏం కాదన్నా ఇనలే. మా యూనివర్సిటీ మేడం కనవడ్డది, నేను అడిగిన, ఆమె కాదనలే అనె."

షామియానా కింద ఎవరో పిల్లలు కుర్చీలు జరుపుతున్నారు. కాలు పట్టుకున్నంత మాత్రాన ఆయన బతికేవాడు కాదు. రక్తనాళాలు అట్లా మూసుకుపోయాక ఏమవుతుందో నేను పిల్లలకు పాఠం చెబుతాను. అది వేరు. ఎన్ని ఎలుకలకో దిలాసా ఇచ్చిన మనిషి తనకు మాత్రం అది వద్దనుకుని పోయాడు, నేను రాసిన ఒక కాగితాన్ని నమ్మి.

చెప్పాను. మొత్తం చెప్పాను. అప్పుడు ఆయన తప్పేమీ లేదమ్మా, నా ఎలుకల్ని కూడా అట్లాగే పట్టుకున్నాడు, నేను అబద్ధం రాశాను, నా ఉద్యోగం కోసం రాశాను అన్నాను. సోమవారం డిపార్ట్‌మెంటులో కూడా ఇదే రాసిస్తానన్నాను. ఇస్తాను కూడా. నా గొంతు పక్కవాళ్లకు కూడా వినిపించినట్టుంది, కోడలు వచ్చి నిలబడింది.

ఉద్యోగం సంగతి, కాగితం సంగతి ఆయన భార్య చెవికెక్కినట్టే లేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితె పట్టుకోవచ్చునా బిడ్డా?" అంది. "కాలు. పట్టుకుంటె ఏం కాకపోతుండెనా?"

"ఏం కాకపోయేదమ్మా. పట్టుకోవచ్చు."

ఆమె తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుని, కోడలివైపు తిరిగి, మేడం శానా దూరం నుంచి వచ్చింది, విస్తరి వెయ్యి అంది. నేను వచ్చింది రెండు వీధుల అవతలి నుంచి. ఆ మాట కూడా చెప్పలేకపోయాను. వరసలో కూర్చున్నాను. ఆమే వచ్చి, నా పక్కన నిలబడి, రెండోసారి అన్నం వడ్డించింది.